జాడీలో అదనపు పదార్థం

కొబ్బరికాయ కొట్టకుండా ప్రారంభోత్సవం జరుపుకున్న యంత్రం మా జిల్లాలో అదొక్కటే.

కొట్టకపోవడానికి కారణం ఉంది. మూసి ఉన్న దేన్నయినా తెరవకుండా, కొయ్యకుండా, పగలగొట్టకుండా లోపలున్నది చూపించడానికే ఆ యంత్రం వచ్చింది. అలాంటి దాని ఎదుట కాయ పగలగొట్టడం దాన్ని అవమానించడమే అవుతుందని సంచాలకులు చక్రధరం గారు మంత్రిగారికి మనవి చేశారు. మంత్రిగారు ఎత్తిన చెయ్యి దించి, కాయను యంత్రం లోపల తిరిగే పళ్ళెం మీద పెట్టారు. కాయ నెమ్మదిగా తిరిగింది. కాసేపటికి ఎదురుగా ఉన్న తెర మీద అదే కాయ ఎద్దుబండి చక్రమంత అయి కనిపించింది. పీచు దానంతటదే తొలగిపోయింది. చిప్ప తొలగిపోయింది. తెల్లటి కొబ్బరి, దాని మధ్య నీళ్ళు. జనం చప్పట్లు కొట్టారు. పూజారిగారు ఏం చెయ్యాలో తోచక తెరకే హారతి ఇచ్చాడు. తర్వాత తలొక కొబ్బరిముక్క బొమ్మను రంగుల కాగితం మీద అచ్చువేసి ప్రసాదంగా పంచిపెట్టారు.

జనంలో నిలబడ్డ పేరంటాలు తన వంతు బొమ్మను కళ్ళకద్దుకుంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక ముందూ వెనకా తిప్పి చూసింది.

"కాయేం చేశారే?" అని పక్కనున్న నూకాలును అడిగింది.

"బీరువాలో పెట్టి తాళం ఏశారు. ఇంక దాన్నెవరూ కొట్టకూడదంట."

"కుళ్ళిపోదూ?"

"కుళ్ళితే ఎంత కుళ్ళిందో అదీ బొమ్మలో కనపడుద్దిలే, ఊరుకో."

పేరంటాలు ఊరుకుంది. ఆవిడకి యంత్రంతో పని లేదు. పొన్నలంకలో నూకాలుతో సహా ఏడుగురు ఆడవాళ్ళు కలిసి నడుపుకునే పచ్చళ్ళ సంఘానికి ఆవిడ పెద్ద. ఏటా ఎండాకాలంలో పట్నంలోని ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలుకి ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టి ఇస్తారు. ఆ హాస్టల్లో పప్పు ఎలా ఉంటుందంటే, గిన్నె అడుగున ఉన్న పువ్వుల బొమ్మ పైనుంచి లెక్కబెట్టవచ్చు. చారు అంతకంటే నిర్మలంగా ఉంటుంది. ఆ పిల్లల కంచంలో నాలుకకి తగిలేది పేరంటాలు ఆవకాయ ఒక్కటే. సెలవులకు ఇళ్ళకు పోతున్నప్పుడు కూడా, తిరిగొచ్చేసరికి కొత్త జాడీ ఉంటుందా లేదా అని వార్డెన్ సుభాషిణిని అడిగి మరీ బస్సెక్కుతారు. ఆ సంగతి సుభాషిణి చెప్పినప్పటి నుంచీ ఆవకాయ రోజులొచ్చాయంటే ప్రతి జాడీలోనూ ఉప్పు పేరంటాలు తనే చూస్తుంది.

ప్రారంభోత్సవమైన కొద్దిరోజులకే ఉత్తర్వు వచ్చింది. "అంతర్దర్శన పథకము పరిధిలోనికి వచ్చు సమస్త కార్యాలయములు, ప్రభుత్వమునకు సరుకు అందజేయు వారు గమనించవలసినది ఏమనగా, మూసియున్న ఏ వస్తువునైనను యంత్ర పరిశీలన జరిగి నివేదిక అందునంత వరకు తెరవరాదు. తెరచి చూచుట పాత పద్ధతి. తెరవక చూచుట శాస్త్రీయ పద్ధతి. ఈ విషయమున ఎవరికిని మినహాయింపు లేదు." కింద చక్రధరం గారి సంతకం.

చక్రధరం గారు మంచి మనిషి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఎవర్నీ కసరడు. తాను సంతకం పెట్టినదాన్ని తాను నమ్ముతాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆఫీసుల్లో ఫైళ్ళు ఇదివరకు తీరిక లేక తెరిచేవారు కాదు. ఇప్పుడు నిబంధన ప్రకారం తెరవడం మానేశారు. జనానికి తేడా ఏమీ తెలియలేదు. తేడా తెలిసింది చక్రధరం గారికే. ఒకనాడు క్యాంపులో అరటిపండు చేతిలోకి తీసుకుని, ఒలవబోయి, ఆగిపోయాడు. ఒలవడం తెరవడం కిందికి వస్తుందా? రాజధానికి రాసి స్పష్టత కోరాడు. జవాబు వచ్చేలోగా పండు నల్లబడింది. గొడుగు సంగతి కూడా రాశాడు. దానికీ జవాబు రాలేదు. అందుకని వైశాఖమాసపు ఎండలో ఆయన ముందు నడుస్తుంటే, బంట్రోతు అప్పన్న ముడిచిన గొడుగును ఆయన నెత్తిమీద నిటారుగా పట్టుకుని వెనకాల నడిచేవాడు.

*

ఆ ఏడు గాలివానకి కాయ రాలిపోయింది. ఆఖరి కాయ దొరకబుచ్చుకోవడానికి పేరంటాలు తోటలన్నీ తిరగాల్సి వచ్చింది. సోమవారం నాడు కత్తిపీటల ముందు ఏడుగురూ కూర్చుని ముక్కలు కొట్టారు. ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టారు. టెంక లేని ముక్క నాలుగు నెలలకే మెత్తబడి గుజ్జయిపోతుంది. జీడి తీసేసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ నూనే పట్టించి జాడీలకెత్తారు. మూతుల మీద తెల్లటి గుడ్డతో వాసెన కట్టారు. ఇంక మూడో రోజు విప్పాలి. అప్పటికి ఊట దిగుతుంది. జాడీలన్నీ పెద్ద బేసిన్లలోకి కుమ్మరించి, అడుగుదీ పైదీ కలిసేలా తిరగకలిపి, ఉప్పు చూసి, మళ్ళీ నూనె పోసి ఎత్తిపెట్టాలి. మూడో రోజు తిరగకలపకపోతే పైముక్క ఎండి బూజు పడుతుంది. బూజు పడితే ఇంక అంతే. ఆ ఏటికి మరి కాయ లేదు.

మంగళవారం ఉదయం పాక ముందు లారీ ఆగింది. లారీ మీద యంత్రం. వెనక జీపులో చక్రధరం గారు, ఇంజనీరు కిరీటి. జీపు దిగగానే అప్పన్న ముడిచిన గొడుగు ఎత్తాడు.

"అమ్మా, మీరు అదృష్టవంతులు," అన్నాడు చక్రధరం గారు. "ఆహార పదార్థముల విభాగంలో మొట్టమొదటి త్రిమితీయ పరిశీలనకు మీ సంఘం ఎంపికైంది. రేపు సాయంత్రం మంత్రివర్యులు పత్రికల వారికి ఫలితం ప్రకటిస్తారు."

"అలాగేనండి. మంచినీళ్ళు పుచ్చుకోండి," అంది పేరంటాలు.

ఆయన మంచినీళ్ళు పుచ్చుకున్నాడు. చెంబుకి మూత లేదు కాబట్టి అభ్యంతరం లేకపోయింది. ఈలోపు అప్పన్న జాడీ జాడీకీ వాసెన ముడి మీద లక్క కరిగించి ముద్ర వేసేశాడు.

"అదేంటండీ!" పేరంటాలు జాడీల దగ్గరికి పరిగెత్తింది. "ముద్దరేశారేంటండి? రేపు విప్పాలండి వాటిని!"

"విప్పరాదు."

"రేపు మూడో రోజండి."

"నివేదిక వచ్చేవరకు తెరవరాదమ్మా. పదిహేను పనిదినములలో వస్తుంది."

"పదిహేను దినాలకి మీసాలొస్తాయండి దానికి, తెల్లగాను," అంది నూకాలు.

చక్రధరం గారు నొచ్చుకోలేదు. "ఆ మీసములు సైతం యంత్రంలో కనబడతాయి. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా. అదే కదమ్మా సాంకేతిక ప్రగతి!"

పేరంటాలు జాడీల వంక చూసింది. లోపల ముక్క ఊరుతోంది. దానికి ఉత్తర్వు సంగతి తెలియదు.

*

కిరీటి కొత్తగా చదువు ముగించుకొచ్చిన కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. మొదటి జాడీని యంత్రంలోకి ఎక్కిస్తూ పేరంటాలు మొహం చూసి జాలిపడ్డాడు. మాటల్లో పెడదామని యంత్రం సంగతి చెప్పాడు.

"పాత ఎక్సరే అంటే గోడ మీద నీడలాంటిది పిన్నిగారూ. ముందున్నదీ వెనకున్నదీ కలిసిపోయి కనపడతాయి. ఇందులో వస్తువు తిరుగుతుంది. అన్ని వైపుల నుంచీ నీడలు పట్టి, వాటన్నిటినీ కలిపి కంప్యూటరు ఆ వస్తువునే మళ్ళీ నిలబెడుతుంది. ఇంక మనం ఎక్కడ కావాలంటే అక్కడ కోసి చూడొచ్చు, కత్తి లేకుండా."

"కత్తి లేకుండా కోస్తే ముక్క వస్తాదా బాబూ?"

"రాదండి. కనపడుతుంది."

"కిరణాలేవో ఉంటాయంట కదా, అవెక్కడ నుంచొస్తాయి?" అంది నూకాలు.

"అసలు గొప్పంతా అక్కడే ఉందండి. ఇదివరకు గట్టి లోహం బిళ్ళ మీద ఎలక్ట్రాన్లతో కొట్టించి పుట్టించేవారు. గట్టిగా కొడితే బిళ్ళ కరిగిపోయేది. ఇందులో కరిగిన లోహమే ధారగా పారుతూ ఉంటుంది. ముందే కరిగిపోయింది కాబట్టి ఎంత గట్టిగా కొట్టినా భయం లేదు."

"మా మరిదిలాగన్నమాట. ముందే చెడిపోయాడు. ఇంకెవరి సావాసం చేసినా భయం లేదు."

జాడీ తిరిగింది. తెర మీద ఆవకాయ లేచింది. పేరంటాలు తన కష్టాలన్నీ ఒక్క క్షణం మరిచిపోయింది. ముక్క పక్కన ముక్క, సందుల్లో ఊట, దిగువన మందంగా పిండి. తాను పెట్టిన పచ్చడి లోపలికి తానే వెళ్ళి నిలబడినట్టుంది. అయితే రంగు లేదు. వాసన లేదు. అంతా బూడిదరంగు. ప్రతి ముక్క అంచునా మాత్రం ఒక తెల్లటి గీత మెరుస్తోంది.

"అదేమిటి?" అన్నాడు చక్రధరం గారు.

"గట్టిగా ఉన్నదేదో సార్. కిరణాల్ని బాగా ఆపుతోంది."

"ప్రతి ముక్కలోనూ ఉందే!"

"ఉంది సార్."

చక్రధరం గారి మొహం పాలిపోయింది. "కఠిన అన్యపదార్థం," అన్నాడు మెల్లగా. "ఆడపిల్లలు తినే ఆహారంలో."

"టెంకండి అది!" అంది పేరంటాలు. "మావిడి టెంకండి. మీరు ఇంట్లో తినరేంటండి?"

"ఇంట్లో విషయం వేరమ్మా. ఇంట్లో నేను కళ్ళతో చూస్తాను. ఇక్కడ యంత్రం చూసింది." ఆయన కుర్చీలో కూర్చుని ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పన్న రాసుకున్నాడు. "జాడీలను తెరవకుండా, లోపలి కఠిన అన్యపదార్థములను సంఘము వారు తమ స్వంత బాధ్యత మీద తొలగించి, తిరిగి పరిశీలనకు సమర్పించవలెను."

"తెరవకుండా ఎలా తీస్తామండి?"

"అది అమలు విభాగం చూసుకోవలసిన అంశం. మాది దర్శన విభాగం."

మధ్యాహ్నమైంది. భార్య కట్టిచ్చిన క్యారేజీ జీపులో ఉంది. చక్రధరం గారు దాన్ని యంత్రంలో పెట్టించాడు. తెర మీద అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర, పెరుగు, నాలుగు గిన్నెల్లోనూ స్పష్టంగా కనిపించాయి. వంకాయల్లో పురుగు లేదని కూడా తేలింది. ఆయన తృప్తిగా తల పంకించి, క్యారేజీని మళ్ళీ జీపులో పెట్టించాడు. దాని నివేదిక కూడా పదిహేను పనిదినాల్లో రావాలి.

"సార్, మీకు మీరే మినహాయింపు ఇచ్చుకోవచ్చు కదా," అన్నాడు కిరీటి, తన పొట్లం జీపు వెనకాల నిలబడి రహస్యంగా తినేసి వచ్చి.

"సంతకం నాదేనయ్యా," అన్నాడాయన దీనంగా.

పేరంటాలు లోపలికి వెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చింది. కోపం కోపమే, కానీ ఆకలి మొహం చూస్తూ ఊరుకోవడం ఆవిడకి చేతకాదు.

*

బుధవారం తెల్లారింది. మూడో రోజు.

పేరంటాలు మొహమైనా కడుక్కోకుండా పాకలోకి వెళ్ళి జాడీల మధ్య నిలబడింది. వాసెన గుడ్డ మీదికి నూనె మరక ఎక్కలేదు. అంటే నూనె కిందే ఉంది, పైముక్క ఎండుతోంది. వేలు పెట్టి లక్కను గీకబోయింది. నూకాలు చెయ్యి పట్టుకుంది.

"ఏంటే నువ్వు! ముద్దర తీశావంటే సంఘాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. ఇంక ఎప్పటికీ హాస్టలుకి మన పచ్చడి పోదు."

"తియ్యకపోతే ఈ ఏటికి పోదు."

"సాయంత్రం దాకా చూద్దాం. సాయంత్రానికీ కదలకపోతే నేనే తీస్తాను. నాకు పెన్షనా ఊడేది!"

బయట, షామియానా కింద, సమావేశం మొదలైంది. సాయంత్రం మంత్రిగారు విజయం ప్రకటించాలి. విజయం ఇంకా దొరకలేదు. రాజధాని నుంచి పొద్దున్నుంచీ ఫోన్లు. చక్రధరం గారు చొక్కా తడిసిపోయి ఉన్నాడు.

"మన దగ్గర లోపం ఒకటే సార్," అన్నాడు కిరీటి. "యంత్రం చూపిస్తోంది గానీ, మంచి జాడీ లోపల ఎలా ఉండాలో మనకి తెలియదు. పోల్చడానికి ఒక ప్రమాణం ఉండాలి. లోపలేముందో ముందే కచ్చితంగా తెలిసిన జాడీ కావాలి."

"కచ్చితంగా ఎలా తెలుస్తుంది?"

"తెరిచి చూస్తే తెలుస్తుంది సార్."

షామియానా కింద అందరూ కిరీటి వంక తిరిగారు. అప్పన్న కూడా గొడుగు దించి చూశాడు.

చక్రధరం గారు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "మనం తెరవరాదు. కానీ ముందుగానే తెరిచి ఉన్నది దొరికితే దానికి నిబంధన అడ్డు రాదు." కళ్ళు తెరిచాడు. "అమ్మా! మీ వద్ద తెరిచి ఉన్న జాడీ ఏదైనా ఉందా?"

"పాక వెనకాల ఉన్నాయండి, కిందటేటివి," అంది పేరంటాలు. "కడిగి ఎండలో బోర్లించాం."

జాడీ వచ్చింది. చక్రధరం గారు దానిలోకి తొంగిచూశాడు. కిరీటి తొంగిచూశాడు. ఏమీ లేదు. యంత్రంలో పెట్టారు. తెర మీద జాడీ గోడలు నున్నగా, గుండ్రంగా లేచాయి. లోపల ఏమీ లేదు. కన్ను చూసిందీ యంత్రం చూసిందీ అణువంత తేడా లేకుండా కలిసిపోయాయి.

"అద్భుతం," అన్నాడు చక్రధరం గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇదే ప్రమాణ జాడీ."

"సార్, అది ఖాళీ…"

"నిర్దోషం అనవయ్యా."

ఇంక పని చకచకా సాగింది. సోమవారపు జాడీని ప్రమాణ జాడీతో కంప్యూటరు పోల్చింది. తేడా ఎంత ఉందో తెర మీద ఎర్రగా చూపించింది. అడుగు నుంచి మూతి దాకా ఎరుపే. ముక్కలు తేడా, పిండి తేడా, ఊట తేడా. జాడీ ఒక్కటే సరిగ్గా ఉంది.

"చూశారా?" అన్నాడు చక్రధరం గారు. "టెంక ఒక్కటే సమస్య అనుకున్నాం. అసలు సమస్య ఎంత విస్తృతమో ఇప్పుడు తెలిసింది. ఈ జాడీలలో ప్రమాణం కంటే అదనపు పదార్థం ఉంది."

పేరంటాలు తెర ముందుకొచ్చి నిలబడింది. "పచ్చడండి అది. అదనం కాదండి. అసలదే అదండి."

"మీ ఆవేదన అర్థమైందమ్మా. సరిదిద్దుకునే అవకాశం ఇస్తున్నాం. అప్పన్నా, రాసుకో. ప్రమాణీకరణ నిమిత్తము ప్రత్యేక అనుమతి మంజూరు చేయడమైనది. సంఘము వారు నేటి సాయంత్రములోగా జాడీల ముద్రలు తొలగించి, లోపలి అదనపు పదార్థమును మొత్తము బయటకు కుమ్మరించి, జాడీలను శుభ్రపరచి పరిశీలనకు సమర్పించవలెను. ఆలస్యమైనచో తీవ్రముగా పరిగణించబడును."

పేరంటాలు నోరు తెరిచింది. నూకాలు మోచేత్తో పక్కలో పొడిచింది.

"మొత్తం కుమ్మరించాలాండి?" అంది పేరంటాలు, నెమ్మదిగా.

"మొత్తం."

"ఇవాళేనాండి?"

"తక్షణం! మీకు అభ్యంతరమా?"

"ఆయ్, లేదండి," అంది పేరంటాలు. ఆ మాట అనడానికి రెండు చేతులతో కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడుస్తోందనుకుని చక్రధరం గారు మొహం తిప్పుకున్నాడు.

ఏడుగురూ చీరలు ఎగదోపుకుని పాకలో దిగారు. అప్పన్న దగ్గరుండి ముద్రలు తీశాడు. వాసెనలు విప్పారు. బేసిన్లు పరిచారు. జాడీలు ఒక్కొక్కటే ఒంగాయి. ఎర్రటి ముక్కలు జారిపడ్డాయి, వెనకాల ఊట, దాని వెనక నూనె. ఆవఘాటు పాక దాటి, షామియానా దాటి, రోడ్డు మీద ఆగిన లారీ డ్రైవరు దాకా వెళ్ళింది. పేరంటాలు మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఉప్పెలా ఉందే?" అంది నూకాలు.

"చారెడు పడాలి."

"ఏమిటి కలుపుతున్నారు?" అని గుమ్మంలోంచి చక్రధరం గారి గొంతు. పొద్దున్నుంచి మజ్జిగ తప్ప ఏమీ లేని ఆ గొంతు కొంచెం పొడిబారి ఉంది.

"అదనపు పదార్థం అడుగుదీ పైదీ అంతా వచ్చేసిందో లేదో చూస్తన్నామండి," అంది నూకాలు.

"మంచిది. ఏదీ మిగలరాదు," అన్నాడాయన. గుమ్మంలోంచి మాత్రం కాసేపు కదలలేదు.

సాయంత్రానికి జాడీలు కడిగి, తుడిచి, ఎండబెట్టి యంత్రం ముందు నిలబెట్టారు. అన్నీ ఉత్తీర్ణమయ్యాయి. ఒక్కదాంట్లోనైనా తేడా లేదు. మంత్రిగారు పత్రికలవారికి తెర మీద జాడీలు తిప్పి చూపించారు. పొన్నలంక జాడీ ప్రమాణాన్ని మిగతా జిల్లాలూ పాటించాలని పిలుపునిచ్చారు. పేరంటాలుకి శాలువా బహూకరించారు. అది అట్టపెట్టెలో ఉంది కాబట్టి దాని బొమ్మ కప్పారు.

*

అంతా అయ్యాక పేరంటాలు జీపు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ భయం ఇంకా తీరలేదు. సర్కారు వారి లక్క ముద్రలతో ఖాళీ జాడీలు హాస్టలుకి బయల్దేరుతున్నాయి. బేసిన్ల నిండా ఆవకాయ పాకలోనే ఉంది. పిల్లలు తిరిగొచ్చేసరికి వాళ్ళ కంచంలో ఏమీ లేకపోతే, సకాలంలో తిరగకలిపి ఏం లాభం?

"అయ్యా, ఆ కుమ్మరించిన పదార్థం ఏం చెయ్యమంటారండి?"

చక్రధరం గారు అలసిపోయి ఉన్నాడు. అయినా నిబంధనల మీద ప్రశ్న వస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. "కాలువలో కలపరాదు. నేలలో పాతరాదు. జనులకు హాని కలగని విధంగా, దినమునకు కొంత చొప్పున, పూర్తిగా తరిగిపోయేవరకు తొలగించాలి. ఏదైనా ప్రభుత్వ ప్రాంగణంలో, బాధ్యత గల అధికారి పర్యవేక్షణలో."

"హాస్టలు ప్రభుత్వ ప్రాంగణమేగదండి?"

"నిస్సందేహంగా."

"వార్డెనమ్మగారు బాధ్యత గల అధికారేగదండి?"

"తప్పక."

అప్పన్న అదీ రాసుకున్నాడు. ఆయన సంతకం పెట్టాడు.

*

బడులు తెరిచారు. చినుకులు పడ్డాయి. హాస్టలు సామాన్ల గదిలో ముద్ర వేసిన జాడీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరూ తెరవరు, తెరవనక్కరలేదు. గోడకి వాటి బొమ్మ పటం కట్టించి తగిలించారు. వంటింట్లో మూలన, పాక వెనక బోర్లించిన పాత జాడీల్లో, తెల్లటి వాసెన కింద, తొలగించవలసిన పదార్థం ఉంది. సుభాషిణి పర్యవేక్షణలో తొలగింపు రోజుకు రెండు పూటలా జరుగుతోంది.

ఒక మధ్యాహ్నం చక్రధరం గారు తనిఖీకి వచ్చాడు. జాడీల ముద్రలు చూశాడు, పటం చూశాడు, సంతోషించాడు. అప్పన్న క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానికి ఇంకా నివేదిక రాలేదు. చక్రధరం గారు దాని వంక ఒకసారి చూసి, మొహం తిప్పుకున్నాడు.

మొహం తిప్పుకున్న వైపు భోజనాల గది ఉంది. ఆడపిల్లలు బారుగా కూర్చున్నారు. వేడన్నం మీద ఎర్రటి ముద్ద, దాని మీద నూనె చుక్క. ముక్కలు కొరుకుతున్న చప్పుడు. వారం వారం వచ్చి చూసుకునే పేరంటాలు ఆవేళ తనే వడ్డిస్తోంది.

"అది… అది ఏమిటి?" అన్నాడు చక్రధరం గారు.

"అదనపు పదార్థమండి," అంది సుభాషిణి నిటారుగా నిలబడి. "తమరి ఉత్తర్వు ప్రకారం దినానికి కొంత చొప్పున తొలగిస్తున్నాం."

ఆయన గదంతా కలయజూశాడు. గిన్నెకి మూత లేదు. జాడీ వాసెన విప్పే ఉంది. కంచాలన్నీ తెరిచే ఉన్నాయి. ఎంత వెతికినా నిబంధన ఎక్కడా అడ్డు రాలేదు.

"తొలగింపు మందకొడిగా సాగుతోంది," అన్నాడు చివరికి. "అధికారులు కూడా పాలుపంచుకోవలసి ఉంటుంది."

పేరంటాలు పీట వేసింది. కంచంలో అన్నం పెట్టింది, గోరువెచ్చటి నెయ్యి వేసింది, పెద్ద ముక్కలు ఏరి రెండు వేసింది. ఆయన కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికో, మరి దేనికో.

"బాబుగారూ," అంది పేరంటాలు, గరిటె చేత్తో పట్టుకుని. "ఆ ముక్కకి కఠిన పదార్థం ఉందండి. తీసేసి ఎయ్యమంటారా?"

చక్రధరం గారు చటుక్కున ముక్క మీద ఎడంచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు," అన్నాడు. "దాన్ని నేను స్వయంగా పరిశీలిస్తాను."

పరిశీలన చాలాసేపు సాగింది.